కుంగుబాటు, ఆందోళనలకు థెరపీ మొదలుపెట్టే ముందు హైదరాబాద్‌వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

థెరపీ కోసం ఫోన్ చేసేవారిలో చాలామంది తమ బాధతో సంభాషణ మొదలుపెట్టరు. క్లినిక్ బయట బోర్డు మీద ఏమని రాసి ఉంటుందో, కింద మందుల షాపు ఉందో లేదో, ఆ వీధిలో తమ బంధువులెవరైనా ఉంటారేమో అన్న సంగతులు ముందు కనుక్కుంటారు. ఇంకొందరు తమ కోసం అడుగుతూనే స్నేహితుడి కోసమని చెబుతారు. అటువంటి మొదటి ఫోన్ కాల్స్‌లో పదే పదే వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి.

నాకున్నది మామూలు దిగులా, చికిత్స అవసరమైన కుంగుబాటా?

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, సొంత ఊరు వదిలి నగరానికి వచ్చిన కొత్తలో దిగులు పడటం సహజం. ఆ దిగులులోనూ ఆత్మీయులు పలకరిస్తే మనసు కాస్త తేలికపడుతుంది, పోపు వాసన తగిలితే ఆకలి వేస్తుంది. కుంగుబాటులో ఆ కాస్త తేలిక కూడా కరువవుతుంది. వైద్యులు సాధారణంగా తొమ్మిది లక్షణాల కోసం చూస్తారు: రోజులో ఎక్కువ సేపు మనసు కుంగి ఉండటం, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోవడం, నిద్రలో మార్పు, ఆకలిలో లేదా బరువులో మార్పు, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, మాటల్లో, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన లేదా అకారణమైన అపరాధభావం, చావు గురించిన ఆలోచనలు. మొదటి రెండింటిలో కనీసం ఒకటి ఉండి, మొత్తం మీద అయిదు లేదా అంతకంటే ఎక్కువ లక్షణాలు దాదాపు ప్రతిరోజూ 2 వారాల పాటు కొనసాగి, ఉద్యోగాన్నో చదువునో ఇంటి పనినో దెబ్బతీస్తుంటే దాన్ని కుంగుబాటుగా పరిగణిస్తారు. ఆందోళన విషయానికొస్తే, చిన్నా పెద్దా అనేక విషయాల గురించిన చింత 6 నెలలకు పైగా ఆపుకోలేనంతగా వేధిస్తూ, దానితో పాటు కండరాలు బిగుసుకోవడం, చిరాకు, నిద్రలేమి వంటివి ఉంటే చికిత్స గురించి ఆలోచించాలి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపించడం చాలా మామూలు విషయం.

మన ఇళ్లలో ఈ బాధ చాలాసార్లు మనసు పేరుతో బయటికి రాదని కూడా చెప్పుకోవాలి. తల బరువుగా ఉందని, ఒళ్లంతా లాగేస్తోందని, కడుపులో గ్యాస్ పట్టేసిందని, అరికాళ్లు మండుతున్నాయని ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగి, పరీక్షలన్నీ నార్మల్ వచ్చాక విసిగిపోయి చివరికి థెరపీకి వచ్చేవారు ఎందరో. వారి నొప్పి నటన కాదు. అయితే థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ బి12 లోపం కూడా కుంగుబాటును పోలిన లక్షణాలనే కలిగిస్తాయి కనుక థెరపీ మొదలుపెట్టే సమయంలోనే ఒకసారి ఆ రక్తపరీక్షలు చేయించుకోవడం మంచిది.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. ఈ మాట థెరపిస్ట్‌కు చెప్పవచ్చా?

చెప్పండి, మొదటి రోజే చెప్పండి. ఆ ఆలోచనలు కుంగుబాటులో తరచుగా కనిపించే లక్షణం కాబట్టి వాటి గురించి విని థెరపిస్ట్ బెదిరిపోరు, మిమ్మల్ని తప్పుబట్టరు. ఎంత తరచుగా వస్తున్నాయి, వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు, ఆ సమయంలో ఎవరికి ఫోన్ చేయగలరు వంటి విషయాలు అడిగి, మీతో కలిసి ఒక భద్రతా ప్రణాళిక తయారు చేస్తారు. అపాయింట్‌మెంట్ వరకు ఆగలేని పరిస్థితి ఉంటే ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరు మీద 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం తక్షణమే ఉందనిపిస్తే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, అప్పటివరకు ఎవరో ఒకరు పక్కన ఉండేలా చూసుకోవాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో నోరు విప్పనివారు ఇంకా ఉన్నారు. ఇటువంటి ఆలోచనలు ఉన్నాయని చెప్పడం నేరం కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి సైతం తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, ప్రాణం పోతుందేమో అనిపిస్తోంది. గుండె డాక్టరు దగ్గరకు వెళ్లాలా, థెరపిస్ట్ దగ్గరకా?

మొదటిసారి అలా జరిగినప్పుడు ఆసుపత్రికే వెళ్లాలి. ఛాతీ నొప్పిని ఇంట్లో కూర్చుని ఆందోళన అని తేల్చుకోకూడదు. ఈసీజీ, ఇతర పరీక్షలు చూసి గుండెకు ఏ ఇబ్బందీ లేదని డాక్టరు చెప్పిన తర్వాత కూడా అదే దడ, అదే చెమట, చేతులు చల్లబడటం, కళ్లు తిరగడం మళ్లీ మళ్లీ వస్తుంటే అది పానిక్ అటాక్ కావచ్చు. ఇది సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. అక్కడ అసలు చిక్కు వేరే ఉంది. ఒకసారి మెట్రోలో అలా జరిగినవారు మెట్రో ఎక్కడం మానేస్తారు, తర్వాత లిఫ్ట్ మానేస్తారు, ఆ తర్వాత నీళ్ల సీసా, మాత్రల పొట్లం లేకుండా గడప దాటరు. అలా తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి హాయిగానే ఉంటుంది గానీ, తప్పించుకున్నందువల్లే బతికానన్న నమ్మకం మనసులో బలపడి మరుసటిసారికి భయం పెరుగుతుంది.

థెరపీలో ఈ ముడిని మెట్టు మెట్టుగా విప్పుతారు. మెట్రో భయమే ఉదాహరణగా తీసుకుంటే, మొదటి వారం రైలు ఎక్కకుండా అమీర్‌పేట స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడి రావడం, తర్వాత రద్దీ లేని వేళలో ఒక్క స్టేషన్ దూరం పంజాగుట్ట వరకు వెళ్లడం, ఆ తర్వాత ఖైరతాబాద్ వరకు, చివరికి సాయంత్రం రద్దీలో ప్రయాణించడం, ఇలా సాగుతుంది. ప్రతి మెట్టు మీదా భయం దానంతట అది తగ్గే వరకు ఆగడం ఇందులో ముఖ్యం. దడ మొదలుకాగానే దిగిపోతే పాత పాఠమే మళ్లీ చదివినట్టవుతుంది.

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్ ఒకరేనా?

కాదు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ లేదా తత్సమానమైన కోర్సు చదివిన డాక్టరు. వ్యాధి నిర్ధారణ చేస్తారు, మందులు రాస్తారు, కొందరు థెరపీ కూడా చేస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ సాధారణంగా మనస్తత్వశాస్త్రంలో ఎంఏ లేదా ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ శిక్షణ పొంది, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన వ్యక్తి. మానసిక పరీక్షలు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. కౌన్సెలర్ అన్న మాట దగ్గరే జాగ్రత్త అవసరం. ఎంతో నిబద్ధతతో చదివి, పర్యవేక్షణలో పనిచేసిన కౌన్సెలర్లు ఉన్నారు, నాలుగు వారాంతాల కోర్సు చేసి అదే పేరుతో బోర్డు పెట్టుకున్నవారూ ఉన్నారు.

అందుకే ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, కుంగుబాటుతో వచ్చేవారితో ఎంతకాలంగా పనిచేస్తున్నారు అని ఫోన్‌లోనే అడగండి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు వివరాలను ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసే మనం ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. అడిగినందుకు నొచ్చుకునే థెరపిస్ట్ దగ్గరకు వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. మూడు సెషన్లలో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని, వాడుతున్న మందులు వెంటనే ఆపేయమనే వైద్యులు కానివారిని కూడా దూరం పెట్టండి.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? ఎర్రగడ్డ అంటే భయంగా ఉంది.

ఈ నగరంలో ఎర్రగడ్డ అన్న పేరును ఒక తిట్టుగా, హాస్యంగా వాడుకుని తరాలు గడిపాం. సినిమాలూ అందులో తమ వంతు ఆజ్యం పోశాయి. ఆ హాస్యం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, అక్కడున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో వైద్యులు, సైకాలజిస్టులు, అవుట్ పేషెంట్ విభాగం ఉన్నాయని, ఉదయం ఓపీ చీటీ రాయించుకుని డాక్టరును కలిసి మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోవచ్చని తెలియక చాలామంది అప్పు చేసి ఇతర చోట్లకు వెళ్తారు, లేదా ఎక్కడికీ వెళ్లరు. ఓపీకి వెళ్లినంత మాత్రాన ఎవరినీ చేర్చుకోరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రద్దీ వల్ల వారం వారం ఒకే సైకాలజిస్టుతో ముప్పావుగంట కూర్చునే వీలు అన్నిసార్లూ దొరకదన్నది నిజమే. వ్యాధి నిర్ధారణ, మందులు అక్కడ చూసుకుని, థెరపీ మాత్రం బయట తీసుకునేవారు ఉన్నారు. గాంధీ ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. విద్యార్థులైతే తమ విశ్వవిద్యాలయంలో, ఉద్యోగులైతే తమ కంపెనీలో ఉచిత కౌన్సెలింగ్ సదుపాయం ఉందేమో ముందు కనుక్కోవచ్చు.

థెరపీ ఏ భాషలో తీసుకోవాలి?

నన్నడిగితే ఏడుపు ఏ భాషలో వస్తే ఆ భాషలో. గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో పనిచేసే యువతలో చాలామంది థెరపీని ఇంగ్లీషులోనే మొదలుపెడతారు. ఆఫీసు భాష అదే కాబట్టి, పుస్తకాల్లో, వీడియోల్లో ఈ విషయాలన్నీ ఆ భాషలోనే విన్నారు కాబట్టి అది సులభంగా తోస్తుంది. ఇంగ్లీషులో తమ సమస్యను ప్రాజెక్టు నివేదికలా చక్కగా వివరించి, మధ్యలో నాన్న అన్న మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు పూడుకుపోయి తెలుగులోకి జారిపోయేవారిని చూస్తుంటాం. ‘పరువు’, ‘నామోషీ’, ‘బెంగ’, ‘అలక’, ‘నలుగురూ ఏమనుకుంటారో’ వంటి మాటలకు పరాయి భాషలో సరిపోయే మాట వెతికే లోపే ఆ బాధ చేయి జారిపోతుంది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ‘మనసున పడ్తలేదు’ అన్నప్పుడు, పాతబస్తీ యువకుడు ‘దిల్ ఘబ్‌రాతా’ అన్నప్పుడు ఆ మాట బరువు తెలిసిన థెరపిస్ట్ ఎదురుగా ఉండటం వల్ల ఎంతో సమయం కలిసివస్తుంది.

కొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అవసరం ఉంటుంది. బాల్యంలో జరిగిన లైంగిక వేధింపు వంటివి మాతృభాషలో పలకడమే అసాధ్యమనిపిస్తే, పరాయి భాష ఇచ్చే దూరం మొదట్లో రక్షణగా పనిచేస్తుంది. కనుక భాష విషయం మొదటి సెషన్‌లోనే మాట్లాడుకోండి. కలగలిపి మాట్లాడటానికి అనుమతి అడగనవసరం లేదు, మనం ఇంట్లో మాట్లాడేది కూడా అలాగే.

మొదటి సెషన్‌లో ఏం జరుగుతుంది?

సెషన్ సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. మొదటిసారి ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి: ఎప్పటి నుంచి ఇలా ఉంది, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, మద్యం లేదా ఇతర అలవాట్లు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఉన్నాయా. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం, ఆందోళనకు జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం నింపమనవచ్చు. మొదటి దాని గరిష్ఠ మార్కు 27, రెండో దానిది 21. ఇవి తీవ్రతను అంచనా వేయడానికి, కొన్ని వారాల తర్వాత మార్పును పోల్చుకోవడానికి పనికొస్తాయి. ఆ మార్కు ఒక్కటే చూసి రోగనిర్ధారణ చేయరు.

అన్నీ ఒకే రోజు చెప్పేయాలని లేదు. ‘ఆ విషయం ఇప్పుడే మాట్లాడలేను’ అనడం మీ హక్కు. ఏడుపు వస్తే ఆపుకోనవసరం లేదు, రాకపోయినా ఫర్వాలేదు. మొదటి సెషన్ తర్వాత తేలికపడేవారు కొందరైతే, ఇంటికి వెళ్లాక ఒళ్లంతా అలసిపోయి, అంతా ఎందుకు చెప్పానా అని సిగ్గుపడేవారు కొందరు. ఆ సాయంత్రం పెద్ద పనులు పెట్టుకోకండి.

థెరపీ అంటే సలహాలు ఇవ్వడమేనా? ఆ పని మా మేనత్త కూడా చేస్తుంది.

మేనత్త సలహాకు విలువ లేకపోలేదు. కానీ ఆమె మీ కథలో ఒక పాత్ర, ఆమెకు మీ నిర్ణయాల్లో వాటా ఉంది. థెరపిస్ట్‌కు అటువంటి వాటా ఉండదు, పైగా ఒక పద్ధతి ఉంటుంది. కుంగుబాటు, ఆందోళనలకు ఎక్కువగా పరిశోధన జరిగిన పద్ధతుల్లో ఒకటి సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో రూపొందించిన ఈ పద్ధతి ఆలోచనలు, భావోద్వేగాలు, ప్రవర్తన ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూపిస్తుంది.

చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న ఒక అభ్యర్థిని ఊహించుకోండి. మాక్ టెస్టులో మార్కులు తగ్గాయి. ‘నా వల్ల కాదు, నాన్న పొలం మీద చేసిన అప్పు బూడిదలో పోసినట్టే’ అన్న ఆలోచన రెప్పపాటులో వచ్చింది. దానితో గుండె బరువెక్కింది, గదికి వెళ్లి పడుకున్నాడు, మరుసటి రోజు గ్రంథాలయానికి వెళ్లలేదు, ఆ తర్వాతి టెస్టు రాయలేదు. రాయకపోవడం వల్ల తన వల్ల కాదన్న మాటకు మరో సాక్ష్యం దొరికింది. థెరపిస్ట్ ఇక్కడ ‘నీ వల్ల అవుతుంది, ధైర్యంగా ఉండు’ అనరు. ఆ మాట అతనికి స్నేహితులు ఇదివరకే చెప్పారు, అది పని చేయలేదు. ఆ క్షణంలో వచ్చిన ఆలోచనను మాటల్లో రాయమంటారు, దాన్ని బలపరిచే ఆధారాలేమిటో, ఖండించే ఆధారాలేమిటో ఇద్దరూ కలిసి చూస్తారు. ఒక టెస్టు మార్కుకూ మొత్తం జీవితం మీద తీర్పుకూ మధ్య ఎన్ని అడుగులు ఒక్క గంతులో దాటేశాడో అప్పుడు అతనికే కనిపిస్తుంది.

కుంగుబాటు మరీ తీవ్రంగా ఉన్నప్పుడు ఆలోచనల జోలికి వెంటనే పోకుండా పనులతో మొదలుపెడతారు. ఉత్సాహం వచ్చాక లేచి తిరుగుదామని ఎదురుచూస్తే ఆ ఉత్సాహం రాదు; ముందు కొద్దిగా కదిలితే దాని వెనుక ఉత్సాహం వస్తుంది. ఉదయం పది నిమిషాలు ఇందిరా పార్కులో నడవడం, సాయంత్రం స్నేహితుడితో ఒక ఇరానీ చాయ్ తాగడం వంటి చిన్న పనులను రోజు, సమయంతో సహా రాసుకుని, చేసిన తర్వాత మనసు ఎలా ఉందో పక్కన మార్కు వేసుకోమంటారు. వినడానికి ఇది చిన్నపిల్లల హోంవర్కులా ఉంటుంది. మంచం దిగడమే కొండ ఎక్కినంత పనిగా ఉన్న మనిషికి అది చిన్నది కాదు.

సంబంధాల్లోని చిక్కుల మీద దృష్టి పెట్టే పద్ధతులు, బాల్యానుభవాలను లోతుగా పరిశీలించే పద్ధతులు కూడా ఉన్నాయి. ఏది ఎందుకు ఎంచుకున్నారో మీ థెరపిస్ట్‌ను అడగండి.

ఎన్ని సెషన్లు పడుతుంది?

సీబీటీ వంటి పద్ధతుల్లో వారానికి ఒకసారి చొప్పున 8 నుంచి 20 సెషన్లు సాధారణం. పాత గాయాలు, ఏళ్ల నాటి కుంగుబాటు ఉంటే ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఆరేడు సెషన్లు గడిచినా ఏ మార్పూ లేకపోతే ఆ సంగతి బయటపెట్టి మాట్లాడండి. పద్ధతి మార్చాలో, మందులు కలపాలో అప్పుడు తేలుతుంది.

మందులు కూడా వాడాలా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారు.

స్వల్ప స్థాయి కుంగుబాటుకు చాలాసార్లు థెరపీ ఒక్కటే సరిపోతుంది. తీవ్రమైనదానికి మందులు, థెరపీ కలిపి వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కుంగుబాటుకు ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందుల ప్రభావం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటి దుష్ప్రభావాలు మాత్రం మొదటి వారంలోనే కనిపిస్తాయి, అందుకే చాలామంది ఫలితం రాకముందే మానేస్తారు. ఇవి మత్తుమందుల్లా అలవాటయ్యేవి కావు. బాగుపడిన తర్వాత కూడా సుమారు ఆరు నెలలైనా కొనసాగించి, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తూ ఆపుతారు. హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, చిరాకు వంటివి వస్తాయి. అలవాటుపడే ప్రమాదం ఉన్నది ఆందోళన తగ్గించడానికి వాడే ఆల్‌ప్రజోలం వంటి వేరే రకం మాత్రలతో. వాటిని తెలిసినవారి చీటీతో కొని నెలల తరబడి వేసుకోవడం మన దగ్గర కనిపించే అలవాటు, మానుకోవలసిన అలవాటు.

నేను చెప్పినవి మా ఇంట్లోవారికి, ఆఫీసుకు, పెళ్లి సంబంధం చూసేవారికి తెలుస్తాయా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక ఆరోగ్య వివరాలు గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. దీనికి మినహాయింపులు ఉన్నాయి: మీకు గానీ ఇతరులకు గానీ ప్రాణహాని ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, వైద్యంలో పాలుపంచుకునే ఇతర వైద్యులకు అవసరమైనప్పుడు. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయక తప్పదు. కంపెనీ ఏర్పాటు చేసిన కౌన్సెలింగ్ అయితే యాజమాన్యానికి ఏ సమాచారం వెళ్తుందో ముందే రాతపూర్వకంగా అడగండి. పెళ్లి సంబంధాల భయం మీద మాత్రం చట్టం కంటే అపార్ట్‌మెంట్ కబుర్ల ప్రభావమే ఎక్కువ. మీ అనుమతి లేకుండా థెరపిస్ట్ మీ అమ్మగారి ఫోన్‌కు కూడా జవాబు చెప్పకూడదని గుర్తుంచుకోండి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

18 ఏళ్లు నిండినవారు తప్పనిసరిగా చెప్పాలన్న నియమం లేదు. చెప్పదలచుకుంటే జబ్బు పేరుతో మొదలుపెట్టకుండా వారి కంటికి కనిపిస్తున్నదానితో మొదలుపెట్టడం మేలు. ‘అమ్మా, మూడు నెలలుగా రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు, నువ్వే నా ముఖం పీక్కుపోయిందన్నావు కదా, దీనికి డాక్టరును కలుస్తున్నాను’ అంటే వినేవారికి అర్థమవుతుంది. దిష్టి తీస్తామన్నా, దర్గాకో గుడికో వెళ్దామన్నా వాదనకు దిగనక్కరలేదు. అవి మనశ్శాంతినిస్తే వెళ్లి రండి, గురువారం సెషన్ మాత్రం మానకండి.

ఫీజులు భరించగలమా? బీమా వర్తిస్తుందా?

ప్రైవేటు ఫీజులు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటాయి. ఆదాయాన్ని బట్టి తగ్గించేవారు ఉన్నారు కనుక అడగండి. మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా కల్పించాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు చెల్లిస్తాయి, వారం వారం థెరపీకి అవుట్ పేషెంట్ కవర్ ఉండాలి.

ఆన్‌లైన్ థెరపీ పనిచేస్తుందా?

స్వల్ప, మధ్యస్థాయి సమస్యలకు బాగానే పనిచేస్తుంది, ట్రాఫిక్‌లో రెండు గంటలు మిగులుతాయి. చిక్కల్లా చోటుతోనే. కేపీహెచ్‌బీ హాస్టల్‌లో ముగ్గురితో గది పంచుకునేవారికి ఏకాంతం ఎక్కడిది? కొందరు పార్కింగ్‌లో కారులో కూర్చుని, కొందరు మేడ మీద ట్యాంకు పక్కన నిలబడి మాట్లాడతారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఎక్కడున్నారో థెరపిస్ట్‌కు సెషన్ మొదట్లోనే చెప్పండి.

థెరపిస్ట్‌తో కుదరకపోతే?

రెండు మూడు సెషన్లు చూసి మార్చుకోవచ్చు. థెరపిస్ట్‌తో ఏర్పడే నమ్మకానికీ ఫలితానికీ సంబంధం ఉందని పరిశోధనలు చూపాయి. మీ కులం, మతం, పెళ్లి, లైంగికత గురించి తీర్పులు చెప్పేవారి దగ్గర ఒక్క రోజు కూడా ఆగనవసరం లేదు.

అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, తీరా ఆ రోజు వెళ్లబుద్ధి కాకపోతే?

కాకపోవచ్చు. వెళ్లబుద్ధి కాకపోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. చాలామందికి ముందురోజు రాత్రి తన బాధ అంత పెద్దదేమీ కాదని, థెరపిస్ట్ సమయం వృథా చేస్తున్నానని అనిపిస్తుంది. అలా అనిపిస్తే ఆ మాటనే కాగితం మీద రాసుకుని వెళ్లి, మొదటి వాక్యంగా అదే చదవండి. స్నానం చేసే ఓపిక లేకపోతే చేయకుండానే రండి. ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పి, మిగిలిన ఇరవై నిమిషాలకైనా రండి.